చలువ నుండి డిశ్చార్జి దాకా: వస్త్రంపై రంగు వెలుగుకు తెలుగునాట రెండు దారులు

నల్లని నూలు చొక్కాపై పసుపుపచ్చ రంగును నేరుగా అద్దితే అది పసుపుగా కనిపించదు. పలుచని రంగుపొర గుండా లోపలికి వెళ్ళిన కాంతిని కింది నలుపు మింగివేస్తుంది. పైకి తిరిగివచ్చేది మాసిన పచ్చదనం మాత్రమే. రంగు వెలగాలంటే దాని కింద తెలుపు ఉండాలి. ఈ తెలుపును సమకూర్చుకోవడానికి నేటి స్క్రీన్ ప్రింటింగు పనివారికి రెండు మార్గాలున్నాయి. మొదట తెల్లని పూత ఒకటి వేసి, అది ఆరాక దానిపై కోరిన రంగులు అద్దడం ఒకటి. చొక్కాకు ముందే పట్టి ఉన్న అద్దకపు రంగును అద్దిన మేరకు తొలగించి, ఆ ఖాళీలో తన రంగును నిలిపే డిశ్చార్జి సిరాను వాడడం రెండవది. మొదటి పద్ధతిలో బట్టపై ఒక పొర ఏర్పడుతుంది. చేతితో తడిమితే తెలుస్తుంది, కొంతకాలానికి మడతల వద్ద పగులుతుంది. రెండవ పద్ధతిలో రంగు నూలుపోగులోనే ఉంటుంది, బట్ట బట్టలాగే మెత్తగా మిగులుతుంది.

ఇది గత కొన్ని దశాబ్దాల యంత్రయుగపు ఎంపికగా కనిపిస్తుంది. కాని తెల్లపూత వేయడం, రంగు తీయడం అనే ఈ రెండు ఆలోచనలకూ తెలుగు నేలపై దీర్ఘమైన పూర్వచరిత్ర ఉంది. మొదటిదానికి జనగామ జిల్లా నర్మెట్టకు సమీపంలోని చేర్యాల పటచిత్రం సాక్ష్యం. రెండవదానికి కృష్ణాతీరపు అద్దకం సాక్ష్యం. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూసి, రెండవ మార్గంలో వర్ణవైభవానికి కారకులైన ఒక వృత్తివారు వస్త్రచరిత్ర రచనలో ఎందుకు మరుగున పడ్డారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుపును పరచడం

చేర్యాల పూర్వపు వరంగల్ జిల్లాలో జనగామ ప్రాంతానికి చెందినది. 2016 నాటి జిల్లాల పునర్విభజనలో అది సిద్దిపేటలో కలిసింది, నర్మెట్ట జనగామ జిల్లాలో ఉండిపోయింది. పాలనా సరిహద్దు మారినా సంస్కృతిపరంగా ఈ రెండూ ఒకే సీమ. చేర్యాల నకాషీలు కులపురాణాలను గానం చేసే కథకుల కోసం పొడవైన పటాలు గీస్తూ వచ్చారు.

పటానికి ఆధారం ముతక నూలు బట్ట. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపిన పూతను పలుమార్లు పట్టించి ఆరబెడతారు. బట్ట నేత కనిపించనంతగా తెల్లని నున్నని తలం ఏర్పడిన తరువాతే కుంచె కదులుతుంది. బొమ్మల చుట్టూ పరచే ఎరుపు నేల, దానిపై నిలిచే పసుపు, నీలి, తెలుపు, నలుపు అంత ఘాటుగా కనిపించడానికి కారణం వర్ణద్రవ్యాల శ్రేష్ఠత ఒక్కటే కాదు, వాటి కింది సుద్దపొర. వర్ణకణాలు నూలుపోగులోకి ఇంకవు. పొరపై పొరగా నిలుస్తాయి. అందుచేత పటాన్ని చుట్టవచ్చు, విప్పవచ్చు. ఉతకడానికి మాత్రం వీలులేదు. చుట్టి విప్పే చోట పూత క్రమంగా చిట్లుతుంది. తెల్లపూతపై అద్దిన చొక్కా మడతల వద్ద పగలడానికీ, పాతపటం పగలడానికీ భౌతిక కారణం ఒకటే. చూడడానికి తప్ప తొడగడానికి పనికిరాని వస్త్రం కనుక పటానికి ఇది లోపం కాదు. తొడిగే బట్టకు వేరే విద్య కావాలి.

తెలుపును రప్పించడం

ఆ విద్యకు కేంద్రం కృష్ణా ముఖద్వారం. మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల వెనుక గ్రామాల్లో జరిగిన అద్దకం పదిహేడవ శతాబ్దినాటికి పర్షియా నుండి ఆగ్నేయాసియా వరకు ప్రసిద్ధం. మచిలీపట్నంలో ఆంగ్లేయుల వర్తకస్థానం ఏర్పడినది 1611లో. అక్కడ పనిచేసిన విలియం మెథ్వోల్డ్ గోలకొండ రాజ్యాన్ని గురించి రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. నిజాంపట్నం ప్రాంతంలో దొరికే ఒక వేరునూ, దానితో వేసిన బొమ్మబట్టలు ఎన్నిసార్లు ఉతికినా బట్ట చిరిగే దాకా రంగు వెలవకపోవడాన్నీ అతడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఆ వేరు చిరివేరు. శాస్త్రనామం ఓల్డెన్లాండియా అంబెల్లేటా. కోరమండల తీరపు మొక్కలపై విలియం రాక్స్‌బరో 1795లో వెలువరించిన సంపుటంలో దీనికి తెలుగు పేరునూ, రంగు వేసే విధానాన్నీ నమోదు చేశాడు. యూరోపియనులు వాడిన ‘చాయ్’ అనే మాట తమిళంలో రంగుకు వాడే సాయ శబ్దం నుండి వచ్చినది. ఈ వేరులోని ప్రధాన రంజకం అలిజరిన్. పటిక తగిలిన చోట ఇది ఎర్రగా స్థిరపడుతుంది. ఇనుపతుక్కును బెల్లపు నీటిలో పులియబెట్టిన కసింకారం తగిలిన చోట నలుపు వైపు తిరుగుతుంది. ఏదీ తగలని చోట గట్టిగా పట్టదు. అంటే అద్దకపువాడు కలంతోనో అచ్చుతోనో బట్టపై పెట్టేది రంగు కాదు, రంగును పట్టి ఉంచే ద్రవ్యం. రంగు తరువాత, కాగులో పుడుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. కాగులో బట్ట అంతా మునుగుతుంది. పటిక లేని చోట్ల చిరివేరు గట్టిగా పట్టకపోయినా ఎంతో కొంత అంటుకుంటుంది. కాగు నుండి తీసిన బట్టలో ఎర్రని పువ్వు ఉంటుంది, దాని చుట్టూ తెల్లని నేలకు బదులు మురికి గులాబిరంగు నేల కూడా ఉంటుంది. ఆ స్థితిలో అది ఏ వర్తకుడూ కొనని బట్ట. పువ్వు వెలగాలంటే నేల తెల్లబడాలి.

ఈ దశను వివరంగా రాసినవారిలో ముఖ్యుడు జెస్యూట్ మతగురువు గాస్తోఁ లోరాఁ కేర్దూ. తెలుగు అధ్యయనాలకు అతడు కొత్తవాడు కాడు. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువును కూర్చినవాడిగా, సంస్కృతానికీ లాటిన్‌కూ గల సంబంధాన్ని 1767లోనే ఫ్రెంచి పండితులకు రాసి పంపినవాడిగా భాషాశాస్త్ర చరిత్రలో అతనికి స్థానముంది. భాషావేత్తగా లభించిన ఈ గౌరవం వెనుక వస్త్రవిద్యను నమోదు చేసిన కేర్దూ మన విభాగాల్లో దాదాపు చర్చకు రాలేదు. 1742 జనవరిలో రాసిన లేఖలో, తన వద్ద క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపు పనివారి నుండి తెలుసుకున్న ప్రక్రియనంతా అతడు వరుసగా వివరించాడు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్టను నానబెట్టడం, బొగ్గుపొడితో నమూనా దించడం, కసింకారంతో నల్లగీతలు గీయడం, నీలి తొట్టిలో ముంచేముందు నీలం అక్కరలేని మేరకంతా మైనం పూయడం, పటిక పెట్టడం, చిరివేరుతో కాచడం, చివరకు పేడనీటిలో నానబెట్టి ఎండలో పరచి తెలుపు చేయడం అందులో కనిపిస్తాయి. కేర్దూ వివరించినది పుదుచ్చేరి పరిసరాల పద్ధతి. కృష్ణాతీరపు పద్ధతికీ దానికీ స్థానిక భేదాలున్నా పేడ, నీరు, ఎండ అనే మూడూ రెండింటికీ సమానం. అతనికి కొద్ది ఏళ్ళ ముందు, సుమారు 1734లో, బోల్యూ అనే ఫ్రెంచి నావికాధికారి ప్రతి దశలోనూ బట్ట ముక్క ఒకటి కత్తిరించి దాచాడు. పారిస్‌లో భద్రమైన ఆ ముక్కలు ఇవే దశలను కంటికి చూపుతాయి.

పేడనీటి పాత్రను ఆనాటి విదేశీ పరిశీలకులు కొంత వింతగా చూశారు. రసాయనశాస్త్రం దృష్టిలో అది వింత కాదు. పేడలోని క్షారాలు, ఫాస్ఫేట్లు నూలును వదులుగా అంటిపెట్టుకున్న రంజకాన్నీ ద్రవ్యాన్నీ విడదీస్తాయి. ఆపైన తడి ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఎండలో ఉంచితే, సూర్యకాంతి, ప్రాణవాయువు కలిసి మిగిలిన వన్నెను తినేస్తాయి. పటికతో బిగిసిన ఎరుపు మాత్రం ఈ పరీక్షకు నిలుస్తుంది. ఒకే ఎండ ఒకచోట రంగును చంపి మరొకచోట ఎత్తి చూపుతుందన్నమాట. పెడనలో కాలువ నీటిలో బట్టలు జాడించడమూ, శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నదిని ఆశ్రయించడమూ ఈ అవసరం నుండి పుట్టినవే. నీరు పారేది కాకపోతే విడిపోయిన రంగు తిరిగి నేలకే అంటుతుంది.

చలువ చేసినవారు

తెలుగులో ఈ పనికి పేరు చలువ. నిఘంటువులు ఈ మాటకు చల్లదనంతో పాటు ఉతికి తెల్లచేయడం అనే అర్థాన్నీ ఇస్తాయి. చలువ చేయని బట్ట కోరా బట్ట. పాఠ్యపుస్తకాల శాస్త్రభాషలో దీనికి విరంజనం అనే మాట స్థిరపడింది. అది రంగును పోగొట్టడాన్నే చెబుతుంది. చలువ అన్న మాటలో తెలుపు ఒక లేమి కాదు, తయారైన గుణం. ఈ వ్యాస విషయానికి పాతమాటే దగ్గరిది.

చలువ చేసినవారు రజకులు. చౌడుమట్టి, ఉబ్బ, బండ, ఎండ వారి సాధనాలు. కోరా బట్టను అద్దకానికి సిద్ధం చేయడం, కాగు నుండి వచ్చిన బట్ట నేలను తెల్లబరచడం రెండూ ఉతుకు విద్యలే. వర్తక కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. చెన్నపట్నంలో కంపెనీ బట్టలకు చలువ చేసేవారు స్థిరపడిన చోటు వాషర్‌మన్‌పేట అయింది. 1734లో చింతాద్రిపేటను నిర్మించినప్పుడు వడికేవారు, నేసేవారు, బొమ్మలు వేసేవారితో పాటు ఉతికేవారికీ అందులో చోటు కల్పించారు. వర్తకుల దృష్టిలో ఉతుకు ఉత్పత్తిలో భాగం.

తరువాతి కళాచరిత్రలో అది భాగం కాకుండా పోయింది. కలంకారీ అన్న పేరే కలం పట్టిన చేతిని ముందు నిలుపుతుంది. ఎడ్విన్ హోల్డర్ 1896లో మద్రాసు రాజధానిలోని అద్దకాలపై వెలువరించిన గ్రంథం, డబ్ల్యు. ఎస్. హడవే 1917లో నూలుబట్టల చిత్రణ, ముద్రణలపై రాసిన గ్రంథం ప్రక్రియను గౌరవంగానే నమోదు చేశాయి. అయితే మ్యూజియంలు, ప్రదర్శనలు, పురస్కారాల యుగంలో ప్రక్రియ వెనక్కు పోయి నమూనా ముందుకు వచ్చింది. నమూనాను గీసినవాడు కళాకారుడు, నేలను తెలుపు చేసినవాడు కూలీ. ఇరవయ్యవ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఈ విభజనను పదిహేడవ శతాబ్దానికి అంటగట్టడం సమంజసం కాదు. మెథ్వోల్డ్ మెచ్చుకున్నది నమూనాను మాత్రమే కాదు, ఉతుకుకు నిలిచిన రంగును.

ఈ లోటును గమనించేటప్పుడు మళ్ళీ జనగామ ప్రాంతం గుర్తుకు రావడం సహజం. నర్మెట్ట ఉన్న జిల్లాలోనే పాలకుర్తి ఉంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మడివాలు మాచయ్య కథ చెప్పాడు. శివభక్తుల మైలబట్టలు తప్ప అన్యుల బట్టలు ఉతకని మాచయ్య, ఉతికిన మడిని ఇతరులు తాకడాన్ని సహించడు. అందుకోసం బిజ్జలునితోనూ తలపడతాడు. ఉతికిన బట్టకు ఇక్కడ లభించిన ప్రతిపత్తి గమనించదగినది. అది శ్రమఫలమూ, ఆ శ్రమ చేసినవాడి అధికారానికి గుర్తు కూడా. రజకుల కులపురాణమైన మడేలు పురాణం చేర్యాల పటాలకెక్కిన కథల్లో ఒకటి. అంటే సుద్దపూతతో తెలుపును పరచిన నకాషీ కుంచె, ఉతుకుతో తెలుపును రప్పించినవారి గాథను చిత్రించింది. పురాణకవి, పటచిత్రకారుడు ఇచ్చిన స్థానాన్ని వస్త్రచరిత్రకారులు ఇవ్వలేదు.

గ్లాస్గో, మ్యులూజ్

కోరమండల బట్టల ప్రవాహాన్ని ఆపడానికి ఫ్రాన్సు 1686లో నిషేధం విధించి 1759 వరకు కొనసాగించింది. ఇంగ్లండు 1700, 1720 సంవత్సరాల చట్టాలతో అదే దారి పట్టింది. బోల్యూ ముక్కలు, కేర్దూ లేఖ ఈ నిషేధకాలపు సేకరణలే. భారతీయ విద్యను యూరపులో పునర్నిర్మించాలన్న కోరిక వాటి వెనుక ఉంది. పటిక, కాచడం అనే మెట్లను యూరపు అద్దకశాలలు అందుకున్నాయి. చలువ దగ్గర మాత్రం ఇబ్బంది. అక్కడి మబ్బు ఆకాశం కింద పచ్చికపై పరచిన బట్ట తెల్లబడడానికి వారాలు పట్టేది.

ఆ అడ్డంకిని తొలగించినది క్లోరిన్. షీలే 1774లో దాన్ని వేరుచేశాడు. 1785లో బెర్తొలే దాని తెల్లబరచే గుణాన్ని పరిశ్రమకు చూపాడు. 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనెంట్ విరంజన చూర్ణానికి పేటెంటు పొందాడు. ఎండ వారాల్లో చేసే పని గంటల్లోకి వచ్చింది.

ఇక్కడ ఒక కొత్త ఆలోచన తలెత్తింది. రంగును ఇంత త్వరగా తీయగలిగినప్పుడు, బట్టనంతా ముందే ఎర్రగా అద్ది, కావలసిన చోట మాత్రమే తీస్తే? గ్లాస్గోలో హెన్రీ మాంటీత్ కర్మాగారం నమూనా మేరకు రంధ్రాలున్న సీసపు పలకల మధ్య ఎర్రబట్టల దొంతరను బిగించి, ఆ రంధ్రాల గుండా క్లోరిన్ ద్రావణాన్ని పారించేది. ద్రావణం తగిలిన చోట తెల్లని చుక్కలు ఏర్పడేవి. ఆ రుమాళ్ళకు పెట్టిన పేరు బందన్నా. భారతదేశపు ముడికట్టు అద్దకాన్ని సూచించే మాట అది. ముడివేసి రంగు తగలకుండా కాపాడిన తెల్లచుక్కను, రంగు తగిలిన తరువాత తీసివేసి అనుకరించారు. చూపుకు ఫలితం ఒకటే, తర్కం తలకిందులు.

1810 ప్రాంతంలో మ్యులూజ్‌లో డానియేల్ కేక్లాన్ దీన్ని నిజమైన ముద్రణగా మార్చాడు. ఎర్రబట్టపై చిక్కని టార్టారిక్ ఆమ్లాన్ని అచ్చుతో వేసి, విరంజన చూర్ణపు తొట్టిలో ముంచితే, ఆమ్లం ఉన్న చోటనే క్లోరిన్ విడుదలై ఎరుపు పోతుంది. ఆ ఆమ్లపు ముద్దలోనే క్లోరిన్‌కు లొంగని ప్రష్యన్ నీలం వంటి రంగును కలిపితే, ఎరుపు పోయిన చోట నీలం నిలుస్తుంది. తీయడం, నింపడం ఒకే అచ్చులో జరిగాయి. నేటి డిశ్చార్జి సిరా మూలసూత్రం ఇదే.

ఈ పద్ధతికి కోరమండల చలువతో గల బంధుత్వం ఎంత? రెండూ ఒకటేనని, డిశ్చార్జి ముద్రణ మన పూర్వులకు తెలుసునని చెప్పడం అతిశయోక్తి. కృష్ణాతీరంలో తొలగినది బిగియని రంగు. మ్యులూజ్‌లో నాశనమైనది బిగిసిన రంగు. కాని రంగు వెలుగు చేర్చడంలోనే కాదు, తీయడంలోనూ ఉందన్న గ్రహింపును యూరపు అద్దకశాలలు భారతీయ ప్రక్రియను అనుకరించే ప్రయత్నంలోనే అలవరచుకున్నాయి. బంధుత్వం ఆ మేరకే, అది చిన్నది కాదు.

అలిజరిన్ తరువాత

1868లో గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడంతో చిరివేరు సాగుకు కాలం చెల్లింది. తెలుగునాట అద్దకం మాత్రం ఆగలేదు. వేరు స్థానంలో పొడి వచ్చింది. నూనె, బూడిదనీళ్ళతో నూలును పదేపదే పదును చేసి ఎరుపు పట్టించే చీరాల, పుట్టపాకల తేలియా రుమాలు ఇందుకు మంచి ఉదాహరణ. కొత్త అలిజరిన్ పాత నూనెవిద్యలో ఇట్టే ఇమిడిపోయింది. పెడన కాగుల్లోనూ అదే జరిగింది. వేరు మారినా ఉతుకు మారలేదన్నది ఇక్కడ ముఖ్యం. ప్రయోగశాల అలిజరిన్ కూడా నేలను మాపుతుంది, దాన్నీ కాలువ దగ్గరే తెల్లబరచాలి.

పరిశ్రమలో మరో మలుపు ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశకంలో వచ్చింది. జర్మనీలో రోంగలైట్ పేరిట వెలువడిన సోడియం ఫార్మాల్డిహైడ్ సల్ఫాక్సిలేట్ క్లోరిన్‌లా ప్రాణవాయువునిచ్చి కాదు, తీసుకొని రంగును పోగొడుతుంది. నూలుపోగుకు క్లోరిన్ చేసే హాని ఇందులో లేదు. వేడి, ఆవిరి తగిలే దాకా అది నిద్రాణంగా ఉంటుంది కనుక అచ్చుముద్దలో నిశ్చింతగా కలపవచ్చు. భారతదేశపు అద్దకశాలల్లో ఇది సఫోలైట్ అన్న వ్యాపారనామంతో చలామణి అయింది.

చొక్కాలపై వాడే డిశ్చార్జి సిరా ఈ కుటుంబానిదే. నీటి ఆధారపు సిరాలో వర్ణద్రవ్యంతో పాటు జింకు సల్ఫాక్సిలేట్ పొడిని బరువులో సుమారు 3 నుండి 6 శాతం దాకా కలుపుతారు. కలిపిన సిరా కొన్ని గంటలలోపే వాడాలి. అద్దిన చొక్కాను సుమారు 160 సెంటీగ్రేడు డిగ్రీల వేడి గుండా పంపినప్పుడు సిరాలోని తేమ ఆవిరవుతూ చర్యను నడుపుతుంది. తేమ ముందే ఆరిపోతే చర్య సగంలో ఆగి రంగు మసకబారుతుంది. తడి ఆరకుండా నీళ్ళు చల్లిన కోరమండల ఎండమైదానాన్ని ఈ నియమం గుర్తుకు తెస్తుంది. నూలులోకి సిరా చాలినంత దిగడానికి అంగుళానికి 110 నుండి 160 దారాల వదులు జాలిని ఎంచుకుంటారు.

పరిమితులూ ఉన్నాయి. సిరా రంజకాన్ని నాశనం చేస్తుంది, బట్టను తెల్లబరచదు. రంగు పోయిన చోట బయటపడేది సాధారణంగా కోరా బట్టను పోలిన లేత గోధుమవన్నె. రంగు వెలగాలంటే వర్ణద్రవ్యాన్ని ఎక్కువగా కలపాలి, లేదా సిరాలోనే తెలుపు కలిపి నేలను సరిచేయాలి. అంటే చేర్యాల సుద్ద కొంత మళ్ళీ రావలసిందే. పాలియెస్టరు దారానికి పట్టిన రంగు ఈ సిరాకు లొంగదు. నూలు మీద కూడా నెమలినీలం, కొన్ని పచ్చలు, నీలాలు మొండికేస్తాయి. వాటి రంజకాల నిర్మాణం అటువంటిది. చొక్కాకు ఏ రంజకం పట్టిందో తెలియకుండా ఫలితాన్ని ముందుగా చెప్పలేరు. పటిక పెట్టినవాడికీ కాగు కాచినవాడికీ ఉతికినవాడికీ నడుమ ఒకనాడు ఒకే ఊరిలో ఉన్న సమాచార బంధం, బట్ట ఒకచోట అద్దబడి మరొకచోట ముద్రణ పొందే నేటి అమరికలో తెగిపోయింది. పత్తి పండే ఈ సీమకు చేరువలో వరంగల్ వద్ద కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగాక, నూలు నుండి తొడుపు వరకు ఒకేచోట అన్న మాట మళ్ళీ వినబడుతోంది. అద్దకపు నీటిని శుద్ధి చేసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా దానితోపాటే వస్తుంది.

వేడి నుండి బయటకు వచ్చిన డిశ్చార్జి చొక్కాకు గంధకపు వాసన ఉంటుంది. చర్య మిగిల్చిన లవణాలు, ఫార్మాల్డిహైడ్ శేషం పోవడానికి తొడిగేముందు ఒకసారి ఉతకమని తయారీదారులు సూచిస్తారు. కోరమండల బట్టకు ఈ ఉతుకు రేవు దగ్గరే, కొనేవాడి చేతికి చేరకముందే పూర్తయ్యేది. దాని కూలి బట్ట వెలలో చేరేది. ఇప్పుడది ముద్రణశాల లెక్కల్లో లేదు. కొన్నవారి ఇంట్లో, ఎవరు ఉతికితే వారి పనిగా మిగిలింది.